గుర్రం లేని ఇంట్లో తవుడు బస్తా

మాకు గుర్రం లేదు. ఎప్పుడూ లేదు. గుర్రం ఎక్కాలన్న కోరిక కూడా నాకు ఏనాడూ పుట్టలేదు. అయినా అరిజోనా రాష్ట్రం చాండ్లర్‌లో, మా ఇంటి గరాజ్‌లో, కారుకీ వాషింగ్ మెషీన్‌కీ మధ్య, గుర్రాలకి పెట్టే తవుడు బస్తా ఒకటి కొన్నాళ్లు కొలువుండేది. దాన్ని అక్కడికి మోసుకొచ్చిన మహానుభావుణ్ణి నేనే. దాని పుణ్యమా అని మా ఇంటికి రావాల్సిన రెండో బిడ్డ రాకుండా ఆగిపోయేంత పనైంది. ఎలాగో చెప్తాను, హాయిగా నవ్వుకోండి. మా ఆవిడ విజయ ఇప్పటికే కావలసినంత నవ్వింది. నవ్వడానికి ముందు కావలసినంత తిట్టింది కూడా.

ముందు తవుడు సంగతి తేల్చుకుందాం. మీరు తెలుగింట్లో పెరిగినవాళ్లయితే మిమ్మల్ని కూడా ఎవరో ఒకరు తవుడుకి కొనే ఉంటారు. "నువ్వు మా పిల్లాడివి కాదురా, నిన్ను తవుడిచ్చి కొనుక్కున్నాం" అని అక్కో బాబాయో పక్కింటి పిన్నిగారో అంటారు. మనం బావురుమంటాం. అందరూ పడీ పడీ నవ్వుతారు. చివరికి అమ్మ వచ్చి చంకనేసుకుంటుంది. అంతే ఆట.

ఈ ఆటలో మా అక్క ఆరితేరిన మనిషి. మాది తణుకు దగ్గర ఊరు, చుట్టూ రైసు మిల్లులు, కాబట్టి తవుడుకీ లోటు లేదు, అక్క కథలకీ లోటు లేదు. నాకు అరబస్తాయే ఇచ్చారట. పూర్తి బస్తా ఇచ్చి ఉంటే లెక్కలొచ్చిన పిల్లాణ్ణే ఇచ్చేవారట. నేను నమ్మాను. నమ్మి ఊరుకోకుండా ఒకరోజు మిల్లుకి వెళ్లి, కాటా దగ్గర కూర్చున్న గుమాస్తాగారిని, నన్ను వెనక్కి తీసుకుని మా తవుడు మాకిచ్చేస్తారా అనడిగాను. ఆయన నవ్వకుండా నన్ను కాటా ఎక్కించి చూశాడు. "బాగా చిక్కిపోయావు నాయనా, ఇప్పుడు పావుబస్తా కూడా రాదు" అన్నాడు. ఏడుస్తూ ఇంటికొచ్చాను.

ఇక మా మేఘ. మేఘ మా కడుపున పుట్టలేదు. ఏడాదిన్నర పిల్లగా ఉన్నప్పుడు, విశాఖపట్నం వైపు ఒక శిశు సదనం నుంచి తెచ్చుకున్నాం. ఆ సంగతి దాని దగ్గర ఎప్పుడూ దాచలేదు. దాచడం మాట అటుంచి, రోజూ పక్క మీదికి చేరగానే ఆ కథే చెప్పాలి. సదనంలో ఆయమ్మ దాన్ని పసుపు గౌనులో ఎత్తుకొచ్చింది. చూడగానే విజయ ఏడ్చింది. విజయని చూసి నేను ఏడ్చాను. మా ఇద్దర్నీ చూసి ఆయమ్మ ఏడ్చింది. అది మాత్రం మా అందర్నీ వింతగా చూస్తూ బిస్కెట్ తింటూ కూర్చుంది. ఇందులో ఒక్క ముక్క మార్చినా ఊరుకోదు. "నాన్నా, నువ్వు అమ్మ కన్నా లౌడ్‌గా ఏడ్చావు, అది చెప్పలేదు నువ్వు" అని పట్టేస్తుంది.

మేఘ రావడానికి ముందు, పిల్లల్ని పెంచుకోబోయేవాళ్లకి పెట్టే క్లాసులకి మేమిద్దరం వెళ్లాం. కొనడం, అమ్మడం లాంటి మాటలు ఈ పిల్లల దరిదాపులకి రానివ్వకూడదని అక్కడ గట్టిగా చెప్పారు. నేను తలూపి మర్చిపోయాను. విజయ మర్చిపోలేదు. ఆవిడ ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఎక్కడేం తగలడుతుందో ముందే పసిగట్టడం ఆవిడ వృత్తి. ఆ సాయంత్రమే నన్ను కూర్చోబెట్టింది.

"ఏవండీ, మనవాళ్లంతా ఆ తవుడు జోకు వేస్తారు. మామూలు పిల్లలకి అది జోకు. మన పిల్లకి కాదు. అందరికీ ఫోన్ చేసి చెప్పండి."

చెప్పాను. ఇండియాకీ, ఫ్రీమాంట్‌లో ఉన్న మా కజిన్‌కీ, చాండ్లర్‌లో మాకు తెలిసిన ప్రతి కుటుంబానికీ వరసగా ఫోన్ చేసి ఉపన్యాసం ఇచ్చాను. అయితే మేనకోడలితో ఇంకేం మాట్లాడాలిరా అని అక్క నొచ్చుకుంటే, ఆవిడకి మాత్రం ఉపన్యాసం రెండుసార్లు ఇచ్చాను. అలా కొన్నేళ్లపాటు మా ఇంట్లో తవుడు అన్న మాట వినబడలేదు. చివరికి ఆ మాట అన్నది ఎవరో మీకు అర్థమయ్యే ఉంటుంది.

మేఘ కిండర్‌గార్టెన్‌లో చేరాక రెండో బిడ్డ కోసం అప్లై చేశాం. తమ్ముడే కావాలని మేఘ ఆర్డరు. ఈ వ్యవహారంలో ముఖ్యమైన ఘట్టం, సోషల్ వర్కర్ మన ఇంటికి రావడం. ఇల్లు చూస్తారు, మనుషుల్ని చూస్తారు, పెద్దవాళ్లతోనూ పిల్లతోనూ మాట్లాడతారు. ఆవిడ సరేనంటే బాబు వస్తాడు. ఆవిడకి అనుమానం వస్తే రాడు. ఇంకో మాట లేదు. విజయ అప్పటికే బాబుకి చిన్న మంచం కొని, ఎవరూ చూడట్లేదనుకున్నప్పుడు దాని దుప్పటి సర్దుతూ ఉండేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఫ్రెండ్స్ ఇంట్లో సీమంతం వచ్చింది. విజయ అక్కడే ఉండి వంటిల్లు సర్దడానికి సాయం చేస్తానంటే, నేనూ మేఘా ముందు బయల్దేరాం. దారిలో వెనక సీటు చాలాసేపు నిశ్శబ్దంగా ఉంది. మా పిల్ల విషయంలో అది మంచి లక్షణం కాదు.

"నాన్నా, అందరూ పొట్టలోంచే వచ్చారంట. నా ఫ్రెండ్ శ్రియ చెప్పింది" అంది చివరికి. "నేనొక్కదాన్నే ఎయిర్‌ప్లేన్‌లో వచ్చాను."

అద్దంలో చూశాను. కింది పెదవి ముందుకొచ్చేసింది. ఇలాంటప్పుడు ఏం చెప్పాలో క్లాసులో చక్కటి వాక్యం ఒకటి నేర్పారు. ఆ వాక్యం గుర్తొస్తే నేను నేనెందుకవుతాను? పిల్ల ఏడవబోతోందన్న కంగారులో నోటికొచ్చింది అనేశాను.

"నువ్వొక్కదానివే ఏంటమ్మా? నేను మాత్రం? నన్ను తవుడుకి కొన్నారు తెలుసా?"

పెదవి వెనక్కి వెళ్లింది. "తవుడు అంటే?"

"ఆవులు తింటాయి చూడు, అది."

"నానమ్మ కౌ ఫుడ్ ఇచ్చి నిన్ను బై చేసిందా?"

"అరబస్తా."

అంతే, సీట్లో విరగబడి నవ్వింది. అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ ఇన్నాళ్లకి నా జోకుకి నవ్వే మనిషి దొరికింది. మిల్లూ, కాటా, గుమాస్తా, పావుబస్తా, అన్నీ అభినయంతో సహా ఒలకబోశాను. కారు ఇంటి ముందు ఆగేసరికి మేఘ అసలు ప్రశ్న అడిగింది.

"మరి నాకెంత తవుడు ఇచ్చారు?"

అప్పుడు గుర్తొచ్చింది క్లాసు. "నీకు తవుడు లేదమ్మా. నిన్నెవరూ కొనలేదు. మేం వచ్చాం, ఏడ్చాం, నిన్నిచ్చారు. నీకు తెలుసుగా" అన్నాను. అది కాసేపు ఆలోచించి ఒప్పుకుంది. నేను ఊపిరి పీల్చుకుని, ఒక తప్పు చాలదన్నట్టు రెండోది చేశాను. ఈ తవుడు కథ అమ్మకి చెప్పకు, మనిద్దరి సీక్రెట్ అన్నాను. మేఘ మాట నిలబెట్టుకుంది. అమ్మకి చెప్పలేదు.

మర్నాటి నుంచి కారెక్కితే ఒకటే గొడవ. తమ్ముడి కోసం తవుడు ఉందా మన దగ్గర? అక్కర్లేదమ్మా. అక్కర్లేదని నీకెలా తెలుసు? ఏమో, అడిగితే? ఆ వయసు పిల్లలున్న తండ్రులకి నా పరిస్థితి వివరించనక్కర్లేదు. వాదించడం కన్నా కొనిపెట్టడం తేలిక. ఇండియన్ స్టోర్‌కి వెళ్లి తవుడుందా అని అడిగితే, అక్కడి కుర్రాడు నా ఉద్యోగం పోయిందేమో అన్నట్టు జాలిగా చూశాడు. తర్వాత ఆఫీసులో ఎవరో చెప్పారు, పక్కనే గిల్బర్ట్‌లో గుర్రాలకీ ఆవులకీ దాణా అమ్మే కొట్టుందని.

ఆ శనివారం పొద్దున్న తండ్రీ కూతుళ్లం అక్కడికి వెళ్లాం. కొట్టాయన పెద్ద టోపీ పెట్టుకుని, పళ్ల మధ్య పుల్ల పెట్టుకుని ఉన్నాడు. రైస్ బ్రాన్ కావాలన్నాను. బస్తా చూపించాడు. దాని మీద అందమైన గుర్రం బొమ్మ. మీది ఏ జాతి గుర్రం అని మర్యాదగా అడిగాడు.

"గుర్రానికి కాదు, మా తమ్ముడికి" అంది మేఘ, ఇంగ్లీషులో, స్పష్టంగా.

ఆయన టోపీ కొంచెం పైకి తోసుకున్నాడు. "తమ్ముడి వయసెంత?"

"తెలీదు. ఇంకా రాలేదు."

"వచ్చాక ఇది తింటాడా?"

"తినడు. ఇది ఇచ్చి తమ్ముణ్ణి తెచ్చుకుంటాం."

ఆయన నా వంక చూశాడు. నేను బస్తా మీది గుర్రం వంక చూశాను. డబ్బు తీసుకుని, బస్తా కార్లో వేసి, ఇంకొక్క ప్రశ్న కూడా అడక్కుండా లోపలికి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ రోడ్డున వెళ్లాల్సి వస్తే ఇప్పటికీ చుట్టూ తిరిగి వెళ్తాను.

ఇంటికొచ్చి బస్తాని గరాజ్‌లో పెట్టాను. మేఘ క్రేయాన్స్ తెచ్చి, బస్తా మీది గుర్రం వీపున ఒక పిల్లాణ్ణి గీసింది. నవ్వుతున్న పిల్లాడు, జుట్టు నిక్కబొడుచుకుని. దాని మీద పాత దుప్పటి కప్పి, నాలుగు రోజులైతే పిల్ల మర్చిపోతుందిలే, అప్పుడు పారేద్దాం అనుకున్నాను. నాలుగు రోజులు కాగానే నేను మర్చిపోయాను.

ఈలోగా విజయ ఇంటిని యుద్ధానికి సిద్ధం చేసినట్టు సిద్ధం చేసింది. స్మోక్ అలారం బ్యాటరీలు మార్చింది. మందులన్నీ తాళం వేసిన అలమరలోకి వెళ్లాయి. వెనక స్విమ్మింగ్ పూల్ చుట్టూ ఉన్న కంచె గేటు దానంతటది మూసుకుంటోందో లేదో తీసి, వదిలి, తీసి, వదిలి చూసింది. నాకు అప్పజెప్పింది ఒకటే పని, గరాజ్ సర్దడం. సర్దేశాను అన్నాను. దుప్పటి అంచులు సమంగా లాగాను కాబట్టి అది పూర్తి అబద్ధం కాదు.

సోషల్ వర్కర్ పేరు మార్గరెట్. పెద్దావిడ, తెల్లటి జుట్టు, మెత్తటి గొంతు. గుమ్మంలోనే చెప్పులు విప్పిందని విజయ మనసు సగం గెలుచుకుంది, పులిహోర రెండోసారి వడ్డించుకుందని మిగతా సగం. అలారాలు చూసింది, బాగున్నాయంది. మందుల తాళం చూసింది, బాగుందంది. పూల్ గేటు తీసి వదిలింది, అది ఠక్కున మూసుకుంది. విజయ మొహంలో వెలుగొచ్చింది. బాబు మంచం ముందు ఇద్దరూ నిలబడి ఏదో నెమ్మదిగా మాట్లాడుకున్నారు కూడా. అప్పుడు మార్గరెట్, గరాజ్ కూడా ఒకసారి చూడచ్చా అంది.

జూన్ నెలలో అరిజోనా గరాజ్ ఎలా ఉంటుందో మీకు తెలీకపోతే, ఒవెన్‌లో తల పెట్టి చూడండి. కానీ నా చెమటకి కారణం వేరు. ఆవిడ చూపు అటూ ఇటూ తిరిగి దుప్పటి మీద ఆగింది. అదేమిటని అడిగింది. పాత సామానండీ అన్నాను. ఆవిడ తలూపి వెనక్కి తిరిగేదే. ఇంతలో మా మేఘ పరుగున వచ్చి, విగ్రహం ముందు తెర తీసినట్టు దుప్పటి లాగేసింది.

మార్గరెట్ బస్తా వంక చూసి, "మీకు గుర్రం ఉందా?" అని మెల్లగా అడిగింది.

విజయ నా వంక తిరిగింది. "మనకి గుర్రం ఉందాండీ?"

నేను నోరు తెరిచేలోగా మేఘ గడగడా ఇంగ్లీషులో చెప్పేసింది. ఇది మా తమ్ముడి కోసం. మా నానమ్మ ఆవు తిండి ఇచ్చి నాన్నని కొంది. అరబస్తాయే. అందుకని నాన్న తమ్ముడికి ఫుల్ బస్తా కొన్నాడు. కానీ ఇది సీక్రెట్, అమ్మకి తెలీదు.

తర్వాత కాసేపు గరాజ్‌లో వాటర్ హీటర్ ఒక్కటే మాట్లాడింది.

హాల్లోకి వచ్చి కూర్చున్నాం. మేఘని బొమ్మలతో దాని గదిలోకి పంపారు. మార్గరెట్ పెన్ను బల్ల మీద పెట్టేసింది. ఆవిడ రాసుకుంటున్నంతసేపూ భయపడ్డాను గానీ, రాయడం మానేశాక అసలు భయమేమిటో తెలిసింది. విజయ చేతులు ఒళ్లో గట్టిగా పట్టుకుని నేల వంక చూస్తోంది. నేను తవుడుకథ మొదలుపెట్టాను.

"అయితే మిమ్మల్ని కూడా దత్తత తీసుకున్నారా?" అని అడిగింది మార్గరెట్.

"లేదండీ. మా అమ్మే కన్నది."

"మరి కొన్నారని..."

"ఊరికే అంటారు. మా వైపు అందరు పిల్లల్నీ అంటారు."

"సొంత బిడ్డలకి, మిమ్మల్ని కొన్నాం అని చెప్తారా?"

"అవునండీ."

"ఎందుకు?"

"సరదాకి."

"అప్పుడు పిల్లలేం చేస్తారు?"

"ఏడుస్తారు."

"పెద్దవాళ్లు?"

"నవ్వుతాం."

తెలుగులో ఎంతో ముద్దుగా ఉండే విషయం ఇంగ్లీషులో చెప్పేసరికి పోలీసు కేసులా తయారైంది. ఇంకొక్క మనిషి నోట ఇది వినిపిస్తే ఆవిడ నమ్ముతుందనిపించింది. ఫోన్ తీసి మా ఆఫీసు శ్రీకాంత్‌కి కొట్టి స్పీకర్‌లో పెట్టాను. శ్రీకాంత్‌ది వరంగల్, నన్ను అన్నా అంటాడు, బంగారంలాంటి మనిషి. నేను ఆ క్షణంలో మర్చిపోయింది ఒకటే, అతని గ్రీన్‌కార్డ్ అప్పుడు చివరి దశలో ఉంది.

"శ్రీకాంత్, ఇక్కడ ఒక ఆఫీసర్ గారు ఉన్నారు. చిన్నప్పుడు నిన్ను కొన్నామని మీ ఇంట్లో చెప్పేవారా లేదా, ఆవిడకి చెప్పు" అన్నాను.

అటునుంచి ఇంగ్లీషులో, చేతులు కట్టుకుని నిలబడ్డవాడి గొంతుతో, "మేడమ్, నన్ను ఎవరూ కొనలేదు. నా పేపర్స్ అన్నీ కరెక్ట్‌గా ఉన్నాయి. కావాలంటే మా లాయర్ నంబర్ ఇస్తాను" అన్నాడు. ఆ వెంటనే గొంతు తగ్గించి, "ఏందన్నా గిది, గిసుంటి టైంల నన్నెందుకు ఇరికిస్తున్నవ్?" అని ఫోన్ పెట్టేశాడు.

ఇక అయిపోయిందనుకున్నాను. బాబు మంచం మీది దుప్పటి కళ్ల ముందు కదిలింది. నా వాగుడు వల్ల ఎక్కడో ఒక పిల్లాడికి అక్క లేకుండా పోతోంది, మేఘకి తమ్ముడు లేకుండా పోతున్నాడు, విజయకి ముఖం ఎలా చూపించాలి అనుకున్నాను. అప్పుడు విజయే తలెత్తింది.

"మార్గరెట్, నన్ను తవుడుకి కొనలేదు. పాత చీరలకి కొన్నారు" అంది.

వాళ్ల వీధిలోకి స్టీలు సామాన్ల గంపతో ఒకావిడ వచ్చేదట. పాత జరీ చీరలు ఇస్తే గిన్నెలు ఇచ్చేది. విజయని ఒక గుండుగిన్నెతో పాటు కొసరుగా ఇచ్చిందని వాళ్ల మావయ్య చెప్పేవాడట. ఆ గంప వీధిలోకి వచ్చినప్పుడల్లా విజయ తలుపు వెనక దాక్కునేది.

"మా అమ్మ వెతుక్కుంటూ వచ్చి ఎత్తుకునేది. ఎన్ని గిన్నెలిచ్చినా నిన్ను ఇవ్వను అనేది. నిజం చెప్పాలంటే, ఆ మాట వినడం కోసమే దాక్కునేదాన్ని" అంది. విజయ నా వైపు తిరిగి తెలుగులో అంది: "మేఘ ఆ మాట వినడానికి ముందు ఏడవక్కర్లేదనే కదండీ, ఆ జోకు వద్దన్నాను?"

పెళ్లైన దగ్గర్నుంచి ఆవిడ నన్ను చాలాసార్లు తిట్టింది, కానీ ఆ రోజు అన్న ఆ మెత్తటి మాట తగిలినట్టు ఏ తిట్టూ తగల్లేదు.

మార్గరెట్ లేచి, మేఘతో మాట్లాడాలంది. మేఘ వచ్చింది. ఆవిడ వెళ్లి కార్పెట్ మీద పిల్ల పక్కన కూర్చుంది. మేం సోఫాలో బిగుసుకుపోయాం.

"తమ్ముణ్ణి కొనాలని నీకు ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నా ఐడియా."

"మరి నిన్ను? నిన్ను కూడా కొన్నారా?"

మేఘ, ఇంత చిన్న విషయం తెలీదా అన్నట్టు చూసింది.

"నో. నన్ను కొనలేదు. అమ్మ వచ్చి ఏడ్చింది. నాన్న ఇంకా లౌడ్‌గా ఏడ్చాడు. ఆయమ్మ కూడా ఏడ్చింది. అప్పుడు నన్ను ఇచ్చేశారు. బాగా ఏడిస్తే ఇస్తారు."

"అలా అయితే ఈ బస్తా ఎందుకు?"

మేఘ నా వైపు ఒకసారి చూసి, నాకు వినబడకూడదని ఆవిడ చెవి దగ్గరికి జరిగింది. మా పిల్ల గుసగుస పక్కింటికి వినిపిస్తుంది.

"నాన్న ఇప్పుడు ఏడవట్లేదు. ఈసారి ఏడుపు రాకపోతే? అప్పుడు తమ్ముణ్ణి ఇవ్వరు కదా. అందుకని తవుడు."

విజయ చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం మగవాణ్ణి, నలుగురిలో నిగ్రహం ఉన్నవాణ్ణి అనుకుంటూనే, ఆనాడు సదనంలో ఎంత గట్టిగా ఏడ్చానో అంతకన్నా గట్టిగా ఏడ్చాను. ఎక్కిళ్లతో సహా. మేఘ లేచి వచ్చి నా మోకాలు తడుతూ, మార్గరెట్‌కి ధైర్యం చెప్పింది.

"సీ? వస్తోంది."

మార్గరెట్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. కాస్త ఎక్కువసేపే తుడుచుకుంది. తర్వాత బల్ల మీది పెన్ను చేతిలోకి తీసుకుని, "ఆ బస్తా అవసరం పడదనుకుంటాను" అంది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో చెప్పులేసుకుంటూ, గరాజ్‌లో అలాంటివి ఉంచితే ఎలకలొస్తాయని చెప్పింది. ఆ క్లాసులకి మళ్లీ వెళ్లాలని కూడా చెప్పింది. విజయ అక్కర్లేదు, నేనొక్కణ్ణే.

వెళ్లాను. ఈసారి ముందు వరసలో కూర్చున్నాను.

మరుసటేడు కబురొచ్చింది. ముగ్గురం అదే సదనానికి వెళ్లాం. అదే ఆయమ్మ, జుట్టు కొంచెం నెరిసింది. ఆవిడ చీర కొంగు పట్టుకుని, రెండేళ్ల అభి, వెనక నుంచి ఒక కన్నుతో మమ్మల్ని చూస్తున్నాడు. నిజంగానే జుట్టు నిక్కబొడుచుకుని ఉంది. నేను మేఘ నమ్మకాన్ని వమ్ము చెయ్యలేదు, చూడగానే ఏడ్చాను. విజయ ఏడ్చింది. ఆయమ్మ ఏడ్చింది. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది గానీ, వాడు మాత్రం రాలేదు. మేం ఏడ్చేకొద్దీ ఇంకా వెనక్కి జరిగాడు.

మేఘ కాసేపు చూసింది. చూసి, తన బ్యాగు జిప్పు తీసి, జిప్‌లాక్ కవరు ఒకటి బయటికి తీసింది. అందులో ఏముందో మీకు చెప్పక్కర్లేదు. బస్తా పారేసిన రోజున ఎప్పుడు తీసి దాచిందో మాకు తెలీదు. అది విమానాలు మారి అంతదూరం ఎలా వచ్చిందో, ఏ ఎయిర్‌పోర్టులోనూ ఆ పొడి ఏమిటని ఎవరూ ఎందుకు అడగలేదో ఆ దేవుడికే తెలియాలి. రెండు చేతులతో ఆయమ్మకి అందించింది.

"ఏంటమ్మా ఇది?"

"తవుడు" అంది మేఘ. "తమ్ముడికి."

ఈ తవుడు సంగతి అర్థం కావడానికి మార్గరెట్‌కి మధ్యాహ్నమంతా పట్టింది. తెలుగు మనిషి కదా, ఆయమ్మకి రెప్పపాటు చాలింది. ఏడుపు మధ్యలోనే పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. కవరు తీసుకుని, చేత్తో తూచినట్టు ఆడించి చూసి, కొంగున కట్టుకుంది. "సరిపోయింది తల్లీ. తీసుకుపో నీ తమ్ముణ్ణి" అని వాణ్ణి ముందుకి నెట్టింది. అందరూ నవ్వుతుంటే వాడూ నవ్వాడు. నవ్వుతూ వచ్చి మేఘ చెయ్యి పట్టుకున్నాడు. విజయ నా వంక చూసిన చూపు నేను వర్ణించను.

ఇదంతా జరిగాక నేనొక ప్రమాణం చేశాను. మా ఇంటి స్మోక్ అలారం సాక్షిగా, తాళం వేసిన మందుల అలమర సాక్షిగా, దానంతటది మూసుకునే పూల్ గేటు సాక్షిగా, ఈ జన్మలో ఏ పిల్ల ముందూ తవుడు అన్న మాట ఉచ్చరించను. ఏ గుర్రానికీ, ఏ ఆవుకీ, ఏ తమ్ముడికీ దాణా కొనను. ఆ ప్రమాణాన్ని విజయ విని, నిలబడమంది, మళ్లీ చెప్పించింది.

రెండేళ్లు నిలబెట్టుకున్నాను. మొన్న సాయంత్రం అభి ఏడుస్తూ వంటింట్లోకి వచ్చాడు.

"నాన్నా, అక్క నన్ను తవుడుకి తెచ్చుకున్నాం అంటోంది."

లోకంలో ఏ తెలుగు తండ్రైనా ఇక్కడ అనే మాట ఒకటే, అది అబద్ధంరా అని. నాకు ఆ అవకాశం కూడా లేదు. నన్నెవరూ తవుడుకి కొనలేదు. విజయనీ శ్రీకాంత్‌నీ ఎవరూ కొనలేదు. మా అందరిలో నిజంగా తవుడు చేతులు మారి ఇంటికొచ్చినవాడు వీడొక్కడే, దానికి నేనే ప్రత్యక్ష సాక్షిని.

వాణ్ణి ఎత్తుకున్నాను. అక్క నీ కోసం తన బ్యాగులో దాచి తెచ్చిందిరా, నువ్వు రావాలని అంత కోరిక దానికి అన్నాను. వాడు ఏడుపు ఆపి ఆలోచించాడు.

"మరి ఎవరైనా ఇంకా ఎక్కువ ఇస్తే నన్ను ఇచ్చేస్తావా?"

విజయ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది, నేనేమంటానో చూద్దామని.

"ఎంత తవుడిచ్చినా ఇవ్వను" అన్నాను.

ప్రమాణం రేపట్నుంచి.